మూడు దేశములు, పది దినములు



మిరప కోతలు అయిపోయి, కాయలు గుంటూరు యార్డుకు చేరి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలములో మన సంఘములలో ఒక రంగుల కరపత్రము తిరుగుతుంది. ఒక ప్రక్క పిరమిడు, ఒక ప్రక్క ఒంటె, నడుమ బంగారు గోపురముతో యెరూషలేము పట్టణము. ఐగుప్తు, ఇశ్రాయేలు, జోర్డాన్, మూడు దేశములు, పది దినములు, భోజనము వసతి మావే అని పెద్ద అక్షరములు. అడుగున ఫోను నెంబరు. మాచర్ల వైపు నుండి, గురజాల వైపు నుండి ఈ కాగితము చేత పట్టుకొని వచ్చి, "అయ్యగారూ, వెళ్ళమంటారా?" అని అడిగేవారు ప్రతి సంవత్సరము ఉంటారు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటె ఈ నెల ఇక్కడ వ్రాస్తే అందరికీ చేరుతుందని తలంచాము.

కరపత్రము చెప్పని సంగతి ఒకటున్నది. దీనిని మనము పరిశుద్ధ దేశ యాత్ర అంటాము. బస్సు దిగి, ప్రార్థన చేసుకొని, మరల బస్సెక్కటమే అనుకొంటాము. నిజానికి ఇందులో సగము మహా పట్టణములు, వాటి మ్యూజియములు, బజారులు, సందులు. మిగతా సగము కొండలెక్కటము, ఎడారి, లోయలు, మెట్లు. విదేశీయులు అయితే దీనికి సాహస యాత్ర అని పేరు పెట్టి, బూట్లు కట్టుకొని, ఆరు నెలల ముందు నుండి నడక అభ్యాసము చేసి మరీ వస్తారు. మనవాళ్ళు అరువది ఏళ్ళు దాటిన తర్వాత, మోకాళ్ళకు పట్టీలు వేసుకొని, హవాయి చెప్పులతో బయలుదేరుతారు. మేము 2018లో మన ప్రాంతమువారు కొందరితో కలిసి వెళ్ళినప్పుడు కండ్లారా చూచినది ఇదే.

అయితే మొదట డబ్బు మాట. మనిషికి లక్ష రూపాయలకు పైమాటే అవుతుంది. ఇద్దరు వెళితే రెండింతలు. మన రాష్ట్ర ప్రభుత్వము 2008లో యెరూషలేము యాత్రికులకు సహాయము ఇవ్వటము మొదలుపెట్టింది. 2019 నవంబరులో ఆ మొత్తమును, సంవత్సర ఆదాయము 3 లక్షల రూపాయల లోపు ఉన్నవారికి 40,000 నుండి 60,000కు, అంతకు మించినవారికి 20,000 నుండి 30,000కు పెంచింది. అది దరఖాస్తు పెట్టుకొని ఎంపికైనవారికి మాత్రమే. గనుక ఎవరైనా ఏజెంటు వచ్చి, సబ్సిడీ మేము ఇప్పిస్తాము, ముందు అడ్వాన్సు కట్టండి అంటే కట్టవద్దు. ఆ యేటి ప్రకటన జిల్లా కార్యాలయములో మీరే చూచుకొన్న తర్వాత ఆ లెక్క వేసుకోండి.

గత సంవత్సరము ఒక దంపతులు మా యొద్దకు వచ్చారు. ఊరు చెప్పము. వారికి ఉన్నది ఎకరమున్నర. అందులో ఒక ఎకరము కుదువ పెట్టి వెళ్ళి వద్దామని ఆలోచన. అంత తొందర ఏమి వచ్చిందమ్మా అని అడిగితే ఆ తల్లి కాసేపు ఊరుకొని, "మా వియ్యపురాలు వెళ్ళి వచ్చిందయ్యగారూ, ఇప్పుడు పెళ్ళి పత్రికల్లో కూడా వేస్తున్నారు" అన్నది. మేము వద్దన్నాము. ముస్లిము సోదరులకు హజ్ ఒక విధి, అది కూడా స్తోమత ఉన్నవారికే. మన విశ్వాసములో అటువంటి విధి ఎక్కడా లేదు. సమరయ స్త్రీతో బావి దగ్గర ప్రభువు మాట్లాడిన అధ్యాయము తీసి చదువుకొంటే, ఆరాధనకు ఏ కొండ కావలెననే ప్రశ్నకు జవాబు అక్కడే ఉన్నది. యెరూషలేము చూడనివాడు తక్కువ క్రైస్తవుడు కాడు. ఆ తల్లికి మా మాట రుచించలేదు. రెండు ఆదివారములు ఎదురుపడితే తల తిప్పుకొన్నది. అయినా ఇక్కడ మరల అదే వ్రాస్తున్నాము. పొలము కుదువ పెట్టి, బంగారము తాకట్టు పెట్టి, పిల్లవాని ఫీజు ఆపి వెళ్ళే యాత్ర యాత్ర కాదు.

ఇంకొక మాట కూడ చెప్పవలెను. ఇది మా వంటి కాపరులకు సంబంధించినది. ఈ వ్యాపారములో ఇంతమందిని కూర్చుకొని తెచ్చిన నాయకునికి ఒక సీటు ఉచితమనే పద్ధతి లోకమంతటా ఉన్నది. నాయకుడంటే చాలాసార్లు కాపరే. అది పాపమని మేము అనము. ముప్పదిమందిని కొత్త దేశములో తిప్పి, మందులు అందించి, తప్పిపోయినవారిని వెదికి తెచ్చే మనిషికి ఖర్చు ఎవరో ఒకరు పెట్టవలసినదే. కాని ఆ సంగతి ముందు చెప్పి తీసుకొని వెళ్ళటము వేరు, దాచి పెట్టటము వేరు. మీ అయ్యగారిని అడగండి. అడిగితే నొచ్చుకొనేవాడు అయితే, ఆ సంగతి కూడ మీకు ముందే తెలిసినట్లే గదా.

డబ్బు చేతిలో ఉండి, అప్పు లేక, ఇంటిల్లిపాది సరేనంటే మాత్రము తప్పక వెళ్ళండి. సాధ్యమైతే నలుబదులలోనే వెళ్ళండి. అక్కడ చూడవలసినవి అన్నీ ఇన్నీ కావు.

కైరోలో అందరు పరుగెత్తేది పిరమిడుల దగ్గరకే. పెద్ద పిరమిడు కట్టినప్పుడు 146 మీటర్ల ఎత్తు. దానిని కట్టి 4,500 సంవత్సరములు దాటినది. దీనిని ఇశ్రాయేలీయులే కట్టారని మన బస్సులో ఒకరైనా అంటారు, సరిచేయండి. అబ్రాహాము ఐగుప్తుకు దిగి వచ్చేనాటికే ఇవి పాతబడిన కట్టడములు. నిర్గమకాండములో ఉన్నది ఇటుకల పని, పీతోము రామెసేసను ధాన్యాగార పట్టణముల పని. పిరమిడులు రాతివి. ఆ ప్రక్కనే గీజాలో గొప్ప ఐగుప్తు మ్యూజియమును 2025 నవంబరు 1న లాంఛనముగా ప్రారంభించారు. 1922లో తవ్వి తీసిన టుటంఖమూన్ రాజు సమాధిలోని వస్తువులు 5,000కు పైగా అక్కడ ఒక్కచోటనే ఉన్నవి. రాజుల మమ్మీలు అక్కడ ఉండవు, వేరే మ్యూజియములో ఉన్నవి. 2021 ఏప్రిల్ 3న 22 మమ్మీలను బండ్లపై ఊరేగించి మరీ అక్కడికి మార్చారు. రెండవ రామెసేసు ముఖము చూడవలెనంటే ఆ రెండవ చోటికి వెళ్ళవలెను. మీ పట్టికలో ఏది ఉన్నదో ముందే అడగండి, లేకపోతే ఒకటి చూచి రెండూ చూచామని అనుకొంటారు.

పాత కైరోలో కోప్తు క్రైస్తవుల వీధి ఒకటున్నది. అక్కడ అబూ సర్గా అనే దేవాలయము క్రింద ఒక చిన్న నేలమాళిగ. యోసేపు మరియలు శిశువును తీసుకొని పారిపోయి వచ్చినప్పుడు ఇక్కడ దిగారని వారి పరంపర. చరిత్ర దానిని రూఢి చేయలేదు. అయినా ఆ వీధిలో నిలబడితే మనకొకటి అర్థమవుతుంది. పదమూడు వందల ఏండ్లకు పైగా వేరొక మతము ఏలుబడిలో ఉండి కూడ, ఆ సంఘము తన ఉపవాసములను, తన పాటలను, ఎడమ చేతి మణికట్టుపై కాదు, కుడి మణికట్టుపై పచ్చబొట్టుగా పొడిపించుకొనే చిన్న సిలువను వదలలేదు. బజారులో మీతో బేరమాడే కుర్రవాని చేయి ఒకసారి చూడండి.

కైరో నుండి సీనాయికి బస్సులో దాదాపు పగలంతా పడుతుంది. సూయజ్ కాలువ క్రింద సొరంగములో దాటుతారు. ఆ తర్వాత అంతా ఎడారి. ఎడారి అంటే ఇసుక తిన్నెలే అనుకొనేవారికి అక్కడ ఆశ్చర్యము. ఎర్రని, బోడి రాతికొండలు. మన మాచర్ల దాటి సాగరుకు వెళ్ళే దారిలోని గుట్టల మీద నుండి చెట్టు, పొద, గడ్డి అంతా గొరిగి వేసి, వాటిని పదింతలు పెంచినట్లు ఉంటవి.

సీనాయి పర్వతమని ఇప్పుడు చూపే కొండను అక్కడివారు జెబెల్ మూసా అంటారు, అనగా మోషే కొండ. ఎత్తు 2,285 మీటర్లు. మన ఆంధ్ర రాష్ట్రము మొత్తములో అంత ఎత్తైన కొండ లేదు. ఇదే నిర్గమకాండములోని కొండ అవునా కాదా అని పండితులలో వాదములున్నవి, కాని నాలుగవ శతాబ్దము నుండి క్రైస్తవులు ఎక్కుతున్నది దీనినే. ఆ శతాబ్దము చివరలో ఎగేరియా అనే స్త్రీ పడమటి దేశముల నుండి వచ్చి, ఈ కొండను కాలినడకన ఎక్కి, తాను చూచినదంతా తన తోటి సహోదరీలకు లేఖగా వ్రాసి పంపింది. పదహారు వందల ఏండ్ల క్రిందట! గైడు లేని రోజులా అంటే కాదు. ఆ కొండ మీది సన్యాసులే ఆమెకు దారి చూపారు.

ఇప్పుడు మనలను అర్ధరాత్రి దాటిన తర్వాత లేపుతారు. కొండ కొన మీద సూర్యోదయము చూడటము కొరకు. చేతిలో టార్చి. ముందు ఒక బెదూయిను గైడు నడుస్తాడు, అతడు లేనిది ఎక్కనివ్వరు. దారులు రెండు. ఒకటి ఒంటెల దారి, చుట్టూ తిరిగి మెల్లగా ఎక్కుతుంది. రెండవది పశ్చాత్తాపపు మెట్లు అనే నిటారు దారి, పూర్వము సన్యాసులు వేసినవి, 3,750 మెట్లు. ఒంటెల దారిలో వెళ్ళినా కడపట 750 మెట్లు తప్పవు, ఒంటె అక్కడ దించి వెనుదిరుగుతుంది. అవి మన ఇంటి మెట్లవలె ఉండవు, ఒకటి జానెడు, ఒకటి మోకాలెత్తు, చెక్కని రాళ్ళు. చలికాలములో పైన నీళ్ళు గడ్డకడతవి, మంచు కూడ పడుతుంది. పల్నాడు ఎండకు అలవాటైన మనకు ఆ చలి ఎముకలలోకి దిగుతుంది.

మా గుంపులో నడి రాత్రి సగము దారిలో ఒక పెద్దాయనకు ఆయాసము వచ్చింది. చక్కెర వ్యాధి ఉన్న మనిషి, మాత్రలు హోటలు గదిలో వదిలి వచ్చాడు. అక్కడ రాళ్ళతో కట్టిన టీ కొట్లు కొన్ని ఉంటవి. అందులో కూర్చోబెట్టి, తీపి టీ త్రాగించి, ఆ బెదూయిను కుర్రవాడే తన కంబళి కప్పి, తెల్లవారిన తర్వాత ఒంటె మీద దించుకొని వచ్చాడు. పెద్దాయన క్షేమముగా ఇంటికి చేరాడు. కాని ఆ రాత్రి మాలో ఎవరికీ సూర్యోదయము మీద ధ్యాస లేదు. డాక్టరును అడగకుండ ఆ కొండ ఎక్కవద్దు. క్రిందనే ఉండిపోతే యాత్ర చెడిపోతుందని ఎవరన్నా నమ్మవద్దు, ఎందుకంటే అసలు నిధి క్రిందనే ఉన్నది.

అది సెయింట్ కాథరిన్ మఠము. ఆరవ శతాబ్దములో జస్టీనియన్ చక్రవర్తి కట్టించిన గోడలు. నాటి నుండి నేటి వరకు అక్కడ ప్రార్థన ఆగలేదు. ఆ మఠపు గ్రంథాలయములోనే 1844లోను, మరల 1859లోను టిషెండార్ఫ్ అనే జర్మను పండితుడు నాలుగవ శతాబ్దపు గ్రీకు బైబిలు చేతివ్రాత ప్రతిని కనుగొన్నాడు. అందులో ఎక్కువ భాగము రష్యాకు పోయి, 1933లో బ్రిటిషువారు లక్ష పౌండ్లకు కొన్నారు, ఇప్పుడు లండనులో ఉన్నది. మన చేతిలోని క్రొత్త నిబంధన పాఠమును సరిచూచుకొనుటకు ఈనాటికీ పండితులు తీసే ప్రతులలో అది మొదటి వరుసది. మనవారు ఆ గోడ ప్రక్కన పొద ముందు ఫోటో దిగి వెళ్ళిపోతారు. అరగంట ఎక్కువ ఇమ్మని గైడును అడగండి.

అక్కడ నుండి ఎర్ర సముద్రము ఒడ్డున తాబా సరిహద్దు. ఒక ప్రక్క ఐగుప్తు, ఎదుట ఇశ్రాయేలు, దాని ప్రక్కన జోర్డాన్, ఆ వెనుక సౌదీ అరేబియా, నాలుగు దేశములు ఒక్క చూపులో కనబడతవి. ఇక్కడ మాత్రము ఓపిక కావలెను. ప్రశ్నలు అడుగుతారు, సంచులు విప్పిస్తారు. ఎందుకు వచ్చావు, ఎవరితో వచ్చావు, సంచి ఎవరు సర్దారు అని ఒకరిని తర్వాత ఒకరిని విడిగా అడుగుతారు. ప్రక్కవారి పార్సిలు పట్టుకొని రావద్దు. నవ్వులాటకు కూడ బాంబు అనే మాట అనవద్దు.

యెరూషలేము గురించి ఎంత వ్రాసినా చాలదు గనుక కొన్నే వ్రాస్తాము. మన పిడుగురాళ్ళ సున్నపురాయి, మాచర్ల నాపరాయి చూచి పెరిగిన మనకు ఆ పట్టణము కొత్తగా తోచదు. ఊరంతా సున్నపురాతి కట్టడమే. 1918లో బ్రిటిషు గవర్నరు రోనాల్డ్ స్టోర్స్ రాతితో తప్ప కట్టరాదని ఆజ్ఞ పెట్టాడు, ఆ పద్ధతి నేటికీ నడుస్తున్నది. సాయంకాలపు ఎండ పడితే ఆ రాయి లేత పసుపు రంగుకు తిరుగుతుంది. గోడల లోపలి పాత పట్టణము చదరపు కిలోమీటరు కూడ లేదు. ఆ గోడలు దావీదు కట్టినవి కావు, తురక సుల్తాను సులేమాను 1537 నుండి 1541 వరకు కట్టించినవి. అంత చిన్న చోట నాలుగు పేటలు, మూడు మతములు, లెక్కకు మించిన మెట్లు.

పరిశుద్ధ సమాధి దేవాలయములో ఆరు క్రైస్తవ శాఖలు వంతులు వేసుకొని ఆరాధిస్తవి. ఒకరి మీద ఒకరికి నమ్మకము చాలక, ఆ గుడి తాళపుచెవి కొన్ని వందల ఏండ్లుగా ఒక ముస్లిము కుటుంబము దగ్గర ఉన్నది, తలుపు తెరిచేది ఇంకొక ముస్లిము కుటుంబము. ద్వారము పైన కిటికీకి ఒక నిచ్చెన ఆనించి ఉంటుంది. దానిని తీయటానికి అందరు ఒప్పుకోవలె గనుక రెండు వందల ఏండ్లకు పైగా అది అక్కడనే ఉన్నది. లూథరన్, బాప్తిస్టు, పెంతెకొస్తు అని ఒకే ఊరిలో మూడు మైకులు పెట్టుకొనే మనము ఆ నిచ్చెనను చూచి నవ్వే ముందు కొంచెము ఆలోచించవలెను.

ఆ గుడికి ప్రక్క వీధిలోనే విమోచకుని లూథరన్ దేవాలయము ఉన్నది. 1898 అక్టోబరు 31న జర్మనీ కైజరు ఎదుట ప్రతిష్ఠించారు. ఆ గోపురము 178 మెట్లెక్కితే పట్టణమంతా కనబడుతుంది. అక్కడ అరబ్బీ భాషలో ఆరాధించే సంఘమున్నది. 1842లో గుంటూరుకు వచ్చి, 1849లో మన గురజాలలో పని మొదలుపెట్టిన ఫాదర్ హయ్యరు గారి సంతతి అని చెప్పుకొనే మన లూథరన్ కుటుంబములకు వారు వరుసకు అన్నదమ్ములు. మన గుంపులు ఆ తలుపు ముందు నుండి నడిచి వెళ్తారు గాని లోపలికి పోరు. వెళ్ళండి. తెలుగు పాట ఒకటి పాడి రండి, సంతోషిస్తారు.

హేరోదు ద్వారము దగ్గర ఇండియా సత్రము కూడ ఒకటున్నది. పంజాబు సూఫీ బాబా ఫరీదు 1200 ప్రాంతములో అక్కడ బస చేశారని చెప్తారు. 1924 నుండి సహారన్‌పూరు నుండి వెళ్ళిన కుటుంబము దానిని చూచుకొంటున్నది. మన తెలుగువారు కూడ అనేకులు ఇశ్రాయేలు ఇండ్లలో వృద్ధులకు సేవ చేసే పనిలో ఉన్నారు. శనివారము వారికి సెలవు దొరుకుతుంది. మీ ఊరివారు, బంధువులు ఉంటే ముందే ఫోను చేసి, ఆ సాయంత్రము హోటలు దగ్గర కలుసుకోండి. ఇంటి నుండి గోంగూర పచ్చడి తీసుకొని వెళ్ళితే వారి కండ్లలో నీళ్ళు తిరుగుతవి.

సాహసము కోరే యౌవనస్థులు హిజ్కియా సొరంగములో దిగవలెను. 533 మీటర్లు, కటిక చీకటి, కొన్నిచోట్ల తొడల వరకు నీళ్ళు, ఒకరి వెనుక ఒకరే పోగలరు. 2,700 ఏండ్ల క్రిందట రెండు ప్రక్కల నుండి తొలుచుకొంటూ వచ్చి నడుమ కలుసుకొన్నారు. ఇరుకు చోట భయపడేవారు, బి.పి. ఉన్నవారు దిగవద్దు, పైన వేరే పొడి దారి ఉన్నది.

బేత్లెహేము దగ్గరనే, కాని పాలస్తీనీయుల ప్రాంతము. నడుమ ఎత్తైన గోడ, తనిఖీ కేంద్రము. చాలాసార్లు అక్కడ గైడు మారతాడు. జన్మస్థల దేవాలయపు గుమ్మము నాలుగడుగులే, ఎంత పెద్దవాడైనా వంగి పోవలెను. ఆ ఊరిలో ఒలీవ చెక్కతో బొమ్మలు చెక్కే క్రైస్తవ కుటుంబములు ఉన్నవి. 2023లోను, 2024లోను యుద్ధము వలన అక్కడ క్రిస్మసు ఉత్సవములు ఆపివేశారు. యాత్రికులు లేక అంగళ్ళు మూతబడినవి. 2025 డిసెంబరులో మరల చెట్టుకు దీపములు పెట్టారు. బేరమాడండి గాని, అక్కడ మరీ గట్టిగా ఆడవద్దు.

గలిలయ సముద్రమును చూచి మనవారు, ఇంతేనా, మన సాగరు పెద్దది గదా అంటారు. నిజమే. గలిలయ 166 చదరపు కిలోమీటర్లు, నాగార్జునసాగరు జలాశయము నిండితే 285. యొర్దాను నది అయితే, బాప్తిస్మము చూపే చోట, కారెంపూడి దగ్గర మన నాగులేరంత ఉంటుంది. అంతకు మించి ఆశపడి వెళ్ళవద్దు. కాని 1986లో కరువు వచ్చి గలిలయ నీరు వెనుకకు పోయినప్పుడు, ఆ బురదలో ప్రభువు కాలము నాటి చేపల పడవ ఒకటి బయటపడింది, 8 మీటర్లకు పైగా పొడవు. గినోసారు మ్యూజియములో ఉన్నది. చేపలు పట్టే కుటుంబములవారు తప్పక చూడండి. ఎన్ని రకముల కర్రతో అతుకులు వేశారో! బీదవాని పడవ.

జోర్డానులో పెట్రా. ఇసుకరాతి కొండలను తొలిచి నబతీయులు కట్టుకొన్న పట్టణము. సీక్ అనే ఇరుకు లోయలో 1.2 కిలోమీటర్లు నడిస్తే ఎదుట 40 మీటర్ల ఎత్తున ఖజానా అనే గులాబి రంగు ముఖద్వారము. అక్కడితో ఆగితే సగమే. పైన మఠము అనే కట్టడమునకు ఇంకొక 800 మెట్లు. ఆ లోయ గోడల ప్రక్కన వారు చెక్కిన నీటి కాలువలు నేటికీ ఉన్నవి, చూడండి. పెట్రాను రోమీయులు క్రీ.శ. 106లో కలుపుకొన్నారు. తర్వాతి శతాబ్దములోనే మన విజయపురిలో ఇక్ష్వాకులు ఏలుచు, గట్టుమెట్లు గల క్రీడాస్థలము కట్టారు. సాగరు ఆనకట్ట రాకముందు, 1954 నుండి 1960 వరకు తవ్వి తీసి, కొన్నిటిని ద్వీపము మీదకు చేర్చారు. అక్కడ రోమా నాణెములు కూడ దొరికినవి. పెట్రా వరకు వెళ్ళే మనలో నాగార్జునకొండకు లాంచీ ఎక్కనివారు ఎందరో.

అయితే ఆ లోయకు ఒక చెడ్డ గుణమున్నది. ఎక్కడో దూరాన వాన పడితే నీళ్ళు ఒక్కసారిగా ఇందులోకి దూకుతవి. 1963 ఏప్రిల్‌లో అలా వచ్చిన వరదలో 20 మందికి పైగా ఫ్రెంచి యాత్రికులు చనిపోయారు. 2018 నవంబరులో మరల వరద వస్తే వేలమందిని బయటకు తరలించారు. గైడు వద్దంటే లోపలికి వెళ్ళవద్దు. డబ్బు కట్టాము గదా అని వాదించవద్దు.

ఉప్పు సముద్రము సముద్ర మట్టమునకు 430 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. వెల్లకిల పడుకోండి, నీరే మోస్తుంది. కంట పడితే, గాయమునకు తగిలితే మంట ఓర్వలేరు, ముందు రోజు గడ్డము గీయించుకోవద్దు. పైనున్న దేశములన్నీ యొర్దాను నీటిని పొలములకు మళ్ళించుకొన్నందున ఆ సముద్రము ఏటా మీటరుకు పైగా దిగిపోతున్నది. కుడి కాలువ చివరి భూములవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర లేదు.

ఇక యుద్ధము మాట. 2023 అక్టోబరు 7 తర్వాత ఎన్నో గుంపులు మధ్యలో చిక్కుబడినవి, మన ప్రభుత్వము ఆపరేషన్ అజయ్ పేరుతో విమానములు పంపింది. 2025 జూనులో ఇశ్రాయేలు, ఇరాను దేశములు 12 దినములు పోరాడినప్పుడు ఇశ్రాయేలు ఆకాశమార్గము మూసివేశారు. అప్పుడు ఆపరేషన్ సింధు క్రింద మనవారిని భూమార్గమున జోర్డానుకు, ఐగుప్తుకు దాటించి అక్కడ నుండి విమానమెక్కించారు. మనము ఫోటోలు దిగే సరిహద్దు గేట్లే ఆనాడు బయటపడే తలుపులు అయినవి. గనుక డబ్బు కట్టకముందు మన విదేశాంగ శాఖ ఆ వారము ఏమి హెచ్చరిక ఇచ్చిందో చదివించుకొని వినండి. యుద్ధము వస్తే కట్టిన డబ్బు ఎంత తిరిగి వస్తుందో, ఎన్ని దినములలో వస్తుందో కాగితము మీద వ్రాయించుకోండి. నోటి మాట వద్దు. ప్రయాణ బీమా యుద్ధమునకు వర్తిస్తుందా, ముందు నుండి ఉన్న జబ్బులకు వర్తిస్తుందా అని అడగండి. చాలా వాటికి వర్తించదు. బయలుదేరే దినమునకు ముందే మూడు దేశముల వీసాలు మీ చేతిలోని కాగితములలో కనబడవలెను.

మన పల్లెలలో ఒక చిక్కు ప్రత్యేకముగా వస్తుంది. బాప్తిస్మములో ఒక పేరు, బడిలో ఒక పేరు, ఆధారు కార్డులో ఇంకొక పేరు. పాసుపోర్టులో ఏమున్నదో టిక్కెట్టు మీద అక్షరము తప్పకుండ అదే ఉండవలెను. పాసుపోర్టు గడువు తిరిగి వచ్చే దినము తర్వాత ఇంకా ఆరు నెలలు ఉండవలెను. పొలము పనులలో వేలిముద్రలు అరిగినవారు వేలిముద్ర యంత్రము దగ్గర కంగారు పడవద్దు, చేతులు కడిగి, తుడిచి మరల పెట్టండి.

మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి, డాక్టరు చీటీతో సహా. బూట్లు కొత్తవి కొని అదే రోజు వేసుకొని బయలుదేరవద్దు, నెల ముందు నుండి ఎత్తిపోతల మెట్ల మీదనో, మీ ఊరి చెరువు కట్ట మీదనో ప్రొద్దున సాయంత్రము నడిచి వాడుక చేసుకోండి. చీర కట్టుకొని ఒంటె ఎక్కటము కష్టము, అమ్మలు చుడీదారు ఒకటి పెట్టుకోండి. అక్కడి పొడి గాలికి దాహము తెలియదు, అయినా నీళ్ళు త్రాగుతూనే ఉండండి. యొర్దాను నీళ్ళు సీసాలో పట్టి తెచ్చుకొనేవారు దానిని గట్టిగా మూత బిగించి, రెండు కవరులలో చుట్టి, పెద్ద పెట్టెలో పెట్టండి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లు దాటితే విమానాశ్రయములో తీసి పారవేస్తారు.